సెల్లు వెయ్యని గడియారం

దవాఖానకు ఇనుప కుర్చీలొచ్చినయి.
కాన్పుల గది ముందరి పాత బెంచిని
గోడ ఎనుకకు ఈడ్చేసిన్రు.
మూడు వానలకు ఒక కాలు చివికింది.
నాలుగు వందలిచ్చి తెచ్చుకున్న.
"పొయ్యిలకా, ఆచారీ?" అన్నడు వాచ్‌మెన్.
పొయ్యిలకైతే తుమ్మ మొద్దులు లేవా.
ఇది జిట్రేగి.
చిత్రిక ఒక్కసారి నడిస్తే
లోపల ఇంకా నల్లబెల్లం రంగు.

వచ్చే నెల సలోమి సిస్టర్ రిటైరు.
ఊరంత చందాలేసుకొని శాలువాలు కొంటున్నరు.
నాకు చేతనైంది కొయ్య.
గడియారం చేస్త అన్న.
"జేబుకో సెల్‌ఫోనున్నంక
గడియారం ఎవలు చూస్తరు?" అన్నది మా వైదేహి
చాటల రాళ్ళేరుకుంట.

గోడకు తగిలేసేది కాదు,
గూట్లె కూసుండేది.
జానెడున్నర ఎత్తు, భుజాలు జర వంగినట్టు,
రాత్రంత నిలబడ్డ మనిషి
ఒక్క నిమిషం నడుం వాల్చినట్టు.

నా మెడ వంగదు. మా నీళ్ళు తాగిన బొక్కలు.
పనినే కండ్ల ఎత్తుకు లేపుకుంట,
బల్ల మీద బల్ల, దాని మీద పీట.
మొల ఒక్కటి కొట్టలే.
కూసానికి బెజ్జం, బెజ్జానికి కూసం,
దెబ్బ దెబ్బకు చెవి పెట్టి విన్న.
మిషను మాత్రం నల్లగొండల కొన్న,
గడియారం సెంటర్ల, రెండు వందల ఇరవై.
చూస్తే అగ్గిపెట్టెంత లేదు,
దానికి ఇంత ఇల్లు.

బెంచికి వీపు ఆనే చెక్క ఉంటది సూడు,
ఎన్ని తలలు ఒరిగినయో దానికి.
కొబ్బరినూనె, చెమట, బస్సు దుమ్ము
దిగి దిగి నిగనిగ లేచింది.
దాన్ని చిత్రిక పట్టలే.
ముందు మొకం అదే.

తలుపు సందుల నుంచి తల బయట పెట్టి
రొమ్ముకు గుచ్చుకున్న వాచీని తిప్పి చూసేది సిస్టర్:
"ఆడపిల్ల. మూడు నలభై. రాసుకోండ్రి."
అరచేతిల రాసుకున్నోడు, టికెట్ మీద రాసుకున్నోడు,
బొగ్గుతో గోడకు రాసి తిట్లు తిన్నోడు.
ఆ వాచీ ఆరు నిమిషాలు ముందు నడుస్తదని
మండలమంతటికి ఎరుకే.
మా దిక్కు జాతకాలన్నీ
ఆరు నిమిషాలు పక్కకు జరిగినవే.

ఒక్కనాడు వాచీ చూడలే ఆమె.

మా మొదటి కాన్పు.
తలుపు మొత్తం తెరుసుకొని వచ్చింది,
బెంచి మీద నా పక్కన కూసున్నది.
టైమెంతయింది సిస్టర్, అన్న.
ఎందుకడిగిన్నో ఇప్పటికీ తెల్వదు.
"నీళ్ళు తాగు ఆచారీ," అన్నది.
చెంబు ఆమెనే పట్టుకున్నది,
నా చేతుల సైకిల్ తాళంచెవి ఉన్నది గద,
దాంతోటి రాత్రంత బెంచిని గీకుతనే ఉన్న.
వడ్లోన్ని అయ్యుండి, కొయ్యను.

మొన్న రంపం పెడుతుంటె దొరికింది.
వేలెడు గీత.
అక్షరం కాదు, బొమ్మ కాదు.
కోసి పారేద్దునా అని
చాయ చల్లారేదాంక చూస్కుంట కూసున్న.
కొయ్యల తప్పుంటె తీసెయ్యొచ్చు.
ఇది తప్పు కాదాయె.

బయటికి పెట్టలే.
ఎనుక చిన్న తలుపుకు లోపలి దిక్కు బిగించిన,
సెల్లు మార్చే కాడ.
ఏడాదికొకసారి ఆమె వేలికి తగుల్తది.
ఏందో గరుకున్నది అనుకుంటది.
అనుకోనీ.

అంకెలు మా బిడ్డ రాసింది,
మూడు నలభైది.
నాలిక బయట పెట్టి, ఊపిరి బిగపట్టి.
ఏడు జర ఒరిగింది.
తుడుస్త నాయినా అంటె వద్దన్న.

లక్కపాలిష్ ఆరింది. అద్దం తుడిచిన.
రెండు ముండ్లను పన్నెండు మీద కలిపి నిలబెట్టిన.
సెల్లు వెయ్యలే.
కాగితంల చుట్టి లోపల పెట్టిన.
మా మండలంల టైము చెప్పేది
ఆమె ఒక్కతే.

ఎట్లయినా
ఆరు నిమిషాలు ముందుకే తిప్పుకుంటది,
నాకెరుక.